న్యాయకళాశాలల వరుస పట్టికలు – మన విద్యార్థి వేతనములు
(సదాశివనగర్ నందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాస పాఠము)

    

 పెద్దలు కూర్చున్న సభలో నిలిచి మాటలాడుటకు మాకు గల యోగ్యత స్వల్పము. అయినను విషయము మన బిడ్డల భవిష్యత్తునకు సంబంధించినది గనుక సాహసించుచున్నాము. దోషము లున్నచో మన్నింప ప్రార్థన.

న్యాయశాస్త్రము చదువు విద్యార్థులకు మన సంఘమిచ్చు వేతనములను ఇకమీదట దేశపు ర్యాంకుల పట్టికలో మొదటి పది స్థానములందున్న కళాశాలలలో చేరినవారికే ఈయవలెనని యొక ప్రతిపాదన ఈ సభ ముందునకు రానున్నది. దానిని సూచించిన దాతగారి సదుద్దేశమును మేము శంకింపము. తమ కష్టార్జితము సద్వినియోగము కావలెననియు, మన పిల్లలు అల్పముతో తృప్తిపడక ఉన్నతస్థానములను కోరవలెననియు వారి తలంపు. ఆ తలంపును మేము శిరసావహింతుము. కాని ఆ మార్గమును మాత్రము అంగీకరింపజాలకున్నాము. కారణములను సావధానముగ వినుడని వేడుచున్నాము.

కొలది నెలల క్రిందట మన ప్రాంతపు తండ్రి యొకడు మా యొద్దకు వచ్చెను. కుమార్తె ఇంటర్మీడియేటు ముగించి వకీలు కావలెనని పట్టుపట్టినదట. అతని చేతిలో మూడు కాగితము లుండెను. మూడును న్యాయకళాశాలల ర్యాంకుల పట్టికలే. ఒకదానిలో ప్రథమమైనది రెండవదానిలో ఎక్కడో యున్నది; మూడవదానిలో దాని పేరే లేదు. “అయ్యా, మూడును అచ్చుపడినవే గదా! ఇందులో నిజమేది?” అని యతడు మమ్మడిగెను. ఆ ప్రశ్నకు ఆనాడు మేము సూటిగ ఉత్తరమీయలేకపోతిమి. పిమ్మట విచారించి తెలిసికొన్న సంగతులనే నేడు మీకు మనవి చేయుచున్నాము.

మొదట మన ప్రభుత్వమువారి పట్టికను చూతము. కేంద్ర విద్యాశాఖవారు ఎన్.ఐ.ఆర్.ఎఫ్. అను పేర 2016 నుండి విద్యాసంస్థల వరుసను ప్రకటించుచున్నారు. న్యాయవిద్యను అందు 2018లో చేర్చిరి. బోధన, అందుకు గల వనరులు, పరిశోధన, వృత్తి సంబంధమైన కృషి, పట్టభద్రుల ఫలితములు, స్త్రీలకును, వెనుకబడినవారికిని, అన్యరాష్ట్రములవారికిని దొరకిన ప్రవేశము, లోకులలో గల పేరు – ఈ యైదు శీర్షికల క్రింద గుణము లిచ్చి మొత్తము తేల్చుదురు. ఆ పట్టికలో 2018 మొదలు బెంగుళూరులోని నేషనల్ లా స్కూలు ప్రథమము, ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము ద్వితీయము. మన శామీర్‌పేటలోని నల్సార్ 2018 నుండి 2021 వరకు తృతీయము. 2022లో పూనాలోని సింబయాసిస్ లా స్కూలు మూడవదై, నల్సార్ నాలుగవదయ్యెను. 2023లో నల్సార్ మరల మూడవ స్థానమునకు వచ్చెను.

ఇక లండను కేంద్రముగ వెలువడు క్యూ.ఎస్. పట్టికను తెరచినచో దృశ్యమే మారును. 2022లో ఆ పట్టికయందు న్యాయశాస్త్రమున భారతదేశపు సంస్థలలో మొదటిది హర్యానాలోని సోనీపట్‌నందున్న జిందల్ గ్లోబల్ లా స్కూలు. ప్రపంచమున దాని స్థానము 70. ఆ సంవత్సరమే ప్రభుత్వమువారి న్యాయవిద్యా పట్టికలో దాని పేరు కానరాదు. బెంగుళూరు విద్యాలయము ఇచ్చట ప్రథమము. అచ్చట సోనీపట్ విద్యాలయము ప్రథమము. రెండును అబద్ధములా? కావు. రెండును వేరువేరు ప్రశ్నలకు ఉత్తరములు. ప్రభుత్వమువారి పట్టికలో దరఖాస్తు చేసికొని తమ లెక్కలు సమర్పించిన సంస్థలే చేరును. క్యూ.ఎస్. వారు న్యాయశాస్త్రమున ఆచార్యులను, ఉద్యోగమిచ్చువారిని అడిగి తెలిసికొన్న కీర్తికే సగమునకు మించిన విలువ నిత్తురు. మిగిలినది పరిశోధన వ్యాసములు ఇతరులచే ఉదహరింపబడుటను బట్టి నిర్ణయింపబడును. వీనికి తోడు ఇండియా టుడే, అవుట్‌లుక్, ది వీక్ వంటి పత్రికలు తమతమ పద్ధతులలో వేరుగ వరుసలు కట్టుచున్నవి.

మన రైతుసోదరులకు సులభముగ తెలియునట్లు చెప్పెదము. ఒకే ఎద్దును అంగడికి తోలుకొనిపోయినచో దున్నుటకు కొనువాడు భుజము చూచును. బండికి కొనువాడు నడక చూచును. బేరగాడు పండ్లు చూచి వయస్సు లెక్కించును. ముగ్గురును మూడు వెలలు చెప్పుదురు. ఎవడును మోసగాడు కాడు. కాని తన పొలమునకేమి కావలెనో ఎరుగక, అంగడిలో హెచ్చు వెల పలికినదే మంచి ఎద్దని కొనువాడు మాత్రము తెలివిగలవాడు కాడు.

మరియొక సంగతి. 2021కిని 2022కిని నడుమ నల్సార్ ఒక మెట్టు దిగి, మరుసటి యేడు మరల ఎక్కినది గదా! ఆ యొక్క సంవత్సరములో ఆచార్యులందరు మారిరా? గ్రంథాలయము తరిగినదా? వరుస సంఖ్యకును నాణ్యతకును నడుమ నున్న దూరము ఇట్టిది. రెండు సంస్థల గుణములలో భేదము స్వల్పమైనను వరుసలో ఒకటి పైన, ఒకటి క్రింద నుండక తప్పదు. మొదటి పదిమందికే వేతనమని మనము గీత గీచినచో, పదవదానిలో చేరిన బాలునకు ధనము, పదునొకండవదానిలో చేరిన బాలికకు రిక్తహస్తము. మరుసటి యేట ఆ రెండును తారుమారైనచో అప్పుడేమి చేయుదుము?

ఇదియును గమనింపుడు. 2018లో ప్రభుత్వమువారి పట్టికలో పది న్యాయవిద్యా సంస్థల పేర్లే యుండెను. 2024 నాటికి నలువది యైనవి. దేశమున న్యాయకళాశాలలు వేయికి మించి యున్నవి. కావున పట్టికలో లేనంతమాత్రమున చెడ్డదని భావించుట పొరబాటు. మన బిడ్డలలో అధికసంఖ్యాకులు చదువుచున్నవి, చదువగలిగినవి ఆ పట్టిక వెలుపలి కళాశాలలే.

ర్యాంకుల వ్యామోహము సంస్థల నెట్లు చెరచునో అమెరికాదేశపు చరిత్ర చెప్పుచున్నది. అచ్చట యు.ఎస్. న్యూస్ అను పత్రికవారు 1990 నుండి ఏటేట న్యాయకళాశాలల వరుసను ప్రకటించుచున్నారు. ఆ వరుసలో పైకెక్కవలెనను ఆతురతతో కొన్ని సంస్థలు అంకెలు దిద్దినవి. విల్లనోవా, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయముల న్యాయకళాశాలలు తాము చేర్చుకొన్న విద్యార్థుల ప్రవేశపరీక్షా గుణములను హెచ్చించి చూపిన సంగతి 2011లో బయటపడెను. ఇల్లినాయ్ కళాశాలకు 2012లో అమెరికన్ బార్ అసోసియేషన్‌వారు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా విధించిరి. న్యాయము బోధించు చోటనే అంకెలు దిద్దుట! ఇంతకంటె విపరీతమేమున్నది?

అంతకంటె ఆలోచింపదగినది యేల్ విద్యాలయపు ఉదంతము. ఆ వరుస మొదలైననాటినుండి ప్రథమస్థానము దానిదే. అట్టి సంస్థ 2022 నవంబరు 16వ తేదీన తన లెక్కలను ఇకమీదట ఆ పత్రిక కీయమని ప్రకటించెను. అదే దినమున హార్వర్డు లా స్కూలును ఆ బాట పట్టినది. పిమ్మట అనేక సంస్థలు అనుసరించినవి. ప్రజాహితమునకై స్వల్పవేతనముతో పనిచేయు పట్టభద్రులను ఆ పట్టిక తగిన విధమున లెక్కింపదనియు, బీదలకు వేతనమిచ్చు సంస్థకంటె హెచ్చు గుణములు తెచ్చుకొన్నవారికి వేతనమిచ్చు సంస్థకు లాభము కలుగుననియు యేల్‌వారి ముఖ్యమైన ఆక్షేపణ. పత్రికవారు వరుసలు కట్టుట మానలేదు గాని కొలమానములను కొంత మార్చిరి. 2023 పట్టికలో యేల్, స్టాన్‌ఫర్డు సమానముగ ప్రథమములైనవి.

బాంధవులారా! ఈ రెండవ ఆక్షేపణను మన ఇంటికి అన్వయించి చూడుడు. అచ్చట సంస్థలు ర్యాంకు కొరకు బీదవానిని విడిచి గుణవంతుని వెంటబడినవని విచారపడుచుండగా, ఇచ్చట మన సంఘము ర్యాంకును చూచి తానే బీదవానిని విడువబోవుచున్నది. జాతీయ న్యాయ విద్యాలయములలో పెక్కింటియందు చేరుటకు క్లాట్ పరీక్ష నిచ్చి నెగ్గవలెను. ఆ పరీక్ష ఆంగ్లముననే జరుగును. ఇటీవలి సంవత్సరములలో దాని దరఖాస్తు రుసుమే సామాన్యవర్గమునకు 4,000 రూపాయలు. దానికి శిక్షణ నిచ్చు సంస్థలు మహానగరములలో నున్నవి. ప్రభుత్వ పాఠశాలలో తెలుగున చదివిన పిల్ల ఆ మెట్టెక్కుట కష్టము. ఎక్కినచో మేము సంతోషింతుము, ఆమెకు తప్పక సాయపడవలెను. కాని ఎక్కలేనిదానికి సాయము లేదనుట న్యాయమా? ఆ మెట్టెక్కినవారిలో అనేకులు సంఘ సహాయము లేకయే చదువగల కుటుంబములవారు. ధనము అవసరములేని చోటికి పోయి, అవసరమైనచోట మాయమగును.

“మరి చిన్న కళాశాలలో చదివినవాడు పెద్దవాడగునా?” యని కొందరడుగవచ్చును. ఉత్తరము మన తెలుగునాటనే యున్నది. 2021 ఏప్రిలు నుండి 2022 ఆగస్టు వరకు భారతదేశ ప్రధాన న్యాయమూర్తిగ నున్న శ్రీ ఎన్.వి. రమణగారు కృష్ణామండలమున పొన్నవరమను పల్లెటూరి వ్యవసాయ కుటుంబమున పుట్టి నాగార్జున విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివిరి. 2007 నుండి 2011 వరకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగ నున్న శ్రీ బి. సుదర్శనరెడ్డిగారు మన ఉస్మానియాలో చదివిరి. ఆ కాలమున పట్టికలే లేవు గదా యని ఆక్షేపింతురేమో! నిజమే. పట్టికలు లేకున్నను వారు పెరిగిరి. పట్టిక యుండుటవలన అట్టివారు పెరుగుట ఆగిపోదు. వారిని పెంచినది న్యాయస్థానములో ఏండ్ల తరబడి నేర్చిన పని.

మన పూర్వుల వృత్తాంతమును తలంపుడు. నిజాము రాజ్యమున తెలుగు మాటకు గౌరవము లేని దినములలో 1921లో ఆంధ్ర జనసంఘమును నిలిపిన మాడపాటి హనుమంతరావుగారు వకీలు. 1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావుగారు వకీలు. వారు ఏ కళాశాల వరుసలో ఎన్నవవారో నేడెవరును అడుగరు. పల్లెలలో వెట్టిచాకిరికిని, అక్రమ వసూళ్లకును ఎదురుగ ఏమి మాటలాడిరో, ఏమి వ్రాసిరో, అదియే నిలిచినది.

ఇక మన సదాశివనగరపు సంగతి. ఇచ్చట వకీలుతో జనులకు గల పని యెట్టిది? పట్టాదారు పాసుపుస్తకములో పేరు తప్పు పడినది. పహాణీలో ఉన్న భూమి ధరణిలో కానరాలేదు. 2020లో వచ్చిన ధరణి స్థానమున 2025లో భూభారతి వచ్చినను పాత తగవులు తీరవలసియే యున్నవి. గల్ఫునకు పంపెదనని ధనము తీసికొన్న దళారి మాయమైనాడు. జాతీయ రహదారిపై మనిషి పోయినాడు. నష్టపరిహారపు దావా వేయవలెను. బీడీలు చుట్టు సోదరికి భర్త మనోవర్తి నిచ్చుటలేదు. 2023 జనవరిలో కామారెడ్డి పురపాలక సంఘపు మాస్టర్ ప్లాన్ ముసాయిదావలన తమ పొలములకు ముప్పు కలుగునని చుట్టుపట్ల గ్రామముల రైతులు వీధులకెక్కిరి, హైకోర్టునకును పోయిరి. మన మండలపు అడ్లూరు ఎల్లారెడ్డివాసులు ఆ పోరాటమున ముందు నిలిచినది మీరెరిగినదే. ఆ నెలలోనే పురపాలక సంఘమువారు ఆ ముసాయిదాను రద్దు చేయుటకు తీర్మానించిరి. అట్టి సమయమున కాగితము చదివి, “ఈ గీత నీ పొలముమీదుగ పోవుచున్నది, ఆక్షేపణను ఈ గడువులోగా ఈయవలెను” అని తెలుగున చెప్పగల వకీలు ఊరికొకడున్నచో ఎంత మేలు! 2022 జూను 2వ తేదీనుండి రాష్ట్రమున కొత్త జిల్లాలకును న్యాయజిల్లా లేర్పడినవి. కామారెడ్డికి జిల్లా న్యాయస్థానము వచ్చినది. న్యాయస్థానము దగ్గరికి వచ్చెను. అందులో మన తరపున నిలుచువారు రావలసియున్నారు.

ఏ పట్టికయు ఈ ప్రశ్న నడుగదు: “మీ కళాశాలలో చదివినవారిలో ఎందరు తమ జిల్లా న్యాయస్థానమునకు తిరిగివచ్చిరి?” పెద్ద సంస్థలో హెచ్చు జీతమునకు కుదిరినవాడు పట్టికకు గుణములు తెచ్చును; కామారెడ్డిలో నల్లకోటు తొడిగి ఐదువందలకు వకాలతు వేసినవాడు తేడు. మనకు మొదటివాడును కావలెను. రెండవవానిని మాత్రము మనము తప్ప మరెవరు పోషింతురు?

ఇట్లు చెప్పుటచే పట్టికలన్నిటిని తగులబెట్టుమని మా యభిప్రాయము కాదు. వాని వలన నిజమైన ప్రయోజనమొకటి కలదు. ప్రభుత్వమువారి పట్టికలో చేరిన ప్రతి సంస్థయు తాను సమర్పించిన లెక్కలను బహిరంగపరచవలెను. విద్యార్థు లెందరు, బాలిక లెందరు, అధ్యాపకు లెందరు, పూర్తి ఫీజు మాఫీ పొందినవా రెందరు, ఉద్యోగము పొందినవారి మధ్యస్థ జీతమెంత అను వివరములు అందుండును. తల్లిదండ్రులు పైనున్న వరుస సంఖ్యను చూచి ఆగిపోక, దాని క్రిందనున్న ఆ లెక్కలను చదువవలెను. వరుస పెండ్లిపత్రిక వంటిది. లెక్కలు ఇంటిలోపలి సంగతులు.

కావున కళాశాల నెంచుకొనునప్పుడు మన తల్లిదండ్రు లడుగవలసిన ప్రశ్నలు ఐదని మాకు తోచుచున్నది. మొదటిది: ఆ కళాశాలకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియావారి అనుమతి ఈ సంవత్సరమునకు కలదా? రెండవది: ఐదేండ్లకు గాని మూడేండ్లకు గాని అన్ని ఖర్చులతో మొత్తమెంతగును, అందు ప్రభుత్వమువారు తిరిగి యిచ్చున దెంత? మూడవది: స్థిరమైన అధ్యాపకు లెందరు, తరగతులు నిజముగ జరుగునా, లేక పరీక్షనాడు మాత్రమే తలుపులు తెరతురా? నాలుగవది: వకీళ్లయొద్దను న్యాయస్థానములయందును పని నేర్చు ఏర్పాటు ఎట్లున్నది? బార్ కౌన్సిల్‌వారి 2008 నియమముల ప్రకారము మూడేండ్ల చదువునకు 12 వారములు, ఐదేండ్ల చదువునకు 20 వారములు అట్టి శిక్షణ తప్పనిసరి. అది కాగితముమీద జరుగునా, కచ్చేరిలో జరుగునా? ఐదవది: గడచిన మూడేండ్లలో అచ్చట చదివినవారు నేడెక్కడ నున్నారు? ఈ యైదవ ప్రశ్నకు ఉత్తరము చెప్పగల పూర్వవిద్యార్థిని ఒకనిని వెదకి పలుకరించుట వంద పట్టికలకంటె మేలు.

ఇవి మన దగ్గరి విద్యాలయములకును వర్తించును. రహదారి వెంబడి పోయినచో డిచ్‌పల్లిలో 2006లో స్థాపింపబడిన తెలంగాణ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర విభాగము కలదు. హైదరాబాదున ఉస్మానియా కలదు. వీనికి లాసెట్ ద్వారా ప్రవేశము. శామీర్‌పేటలో 1998 నాటి శాసనముచే ఏర్పడిన నల్సార్‌లో తెలంగాణవాసులకు కొన్ని స్థానములు ప్రత్యేకింపబడియున్నవి. అందుకు మన పిల్లలను పదవ తరగతినుండియే సిద్ధపరుపవలెను. మూడును మనవే. పిల్ల శక్తిని, ఇంటి స్థితిని బట్టి ఎంచుకొనవలెను గాని పత్రికలో అచ్చుపడిన అంకెను బట్టి కాదు.

ఏ కళాశాలలో చదివినను తుదకు అందరును ఒకే ద్వారముగుండ పోవలసినవారే. పట్టము పొందినవారెల్లరు అఖిల భారత బార్ పరీక్షలో నెగ్గవలెను. అది చెల్లునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. నమోదు రుసుము సామాన్యవర్గమునకు 750 రూపాయలు, షెడ్యూల్డు కులములకును తెగలకును 125 రూపాయలు మించరాదని 2024 జూలై 30న అదే న్యాయస్థానము నిర్ణయించినది. ఇది బీదలకు ఊరట. కాని 2025 మే 20వ తేదీ తీర్పుచే కింది న్యాయస్థానపు న్యాయాధికారి కాదలచినవారికి మూడేండ్ల వకాలతు అనుభవము అవసరమైనది. ఇచ్చటనే అసలు కష్టమున్నది. చదువు ముగిసిన పిమ్మటి ఆ మూడేండ్లలో జూనియరు వకీలునకు రాబడి స్వల్పము. గ్రామప్రాంతమున నెలకు 15,000 రూపాయలకు తక్కువ కాకుండ ఈయవలెనని బార్ కౌన్సిల్‌వారు 2024 అక్టోబరులో సూచించిరి గాని అది సూచనయే, నిర్బంధము కాదు. తండ్రి ఆస్తి గలవాడు ఆ మూడేండ్లు నిలుచును. లేనివాడు నల్లకోటు విప్పి మరియొక పనికి పోవును. ఐదేండ్ల చదువు, మన వేతనము, రెండును వ్యర్థములగును.

కావున సభవారికి మా విన్నపమిది. వేతనమును కళాశాల వరుసను బట్టి కాక విద్యార్థి అవసరమును, శ్రమను బట్టి యీయుడు. ఏటేట పరీక్షాఫలితము చూచి కొనసాగింపుడు. ఇచ్చు ధనములో కొంత భాగమును తీసిపెట్టి, బార్ పరీక్ష నెగ్గి కామారెడ్డిలో గాని, చుట్టుపట్ల న్యాయస్థానములలో గాని వకాలతు ప్రారంభించిన మన యువకులకును యువతులకును మొదటి మూడేండ్లు నెలనెల సహాయము చేయుడు. దానికి ప్రతిగా వారు మాసమునకొక దినము మన గ్రామములలో కూర్చుండి కులభేదము లేక అడిగినవారికెల్ల ఉచితముగ సలహా చెప్పవలెను. ఇట్లు చేసినచో దాతల ధనము కళాశాలల కీర్తికి కాక ఈ నేలకు చేరును.

కులసంఘము పెట్టు విద్యానిధి కులమునకే పరిమితము కానక్కరలేదని మన హైదరాబాదు చరిత్రయే చూపుచున్నది. 1918లో వెలసిన రెడ్డి హాస్టలు వంటి సంస్థలు ఒక కులము పేర పుట్టినను తెలంగాణపు విద్యకును, గ్రంథాలయములకును, పత్రికలకును ఆశ్రయమైనవి. అట్టి విశాలదృష్టి మన సంఘమునకును ఉండవలెను.

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మేము ఉత్తరము చెప్పగలము: “నాయనా, మూడును నిజమే. కాని మూడును నీ కుమార్తెను ఎరుగవు. ఆమెను ఎరిగినవాడవు నీవు. నీ తరువాత ఈ సంఘము.” ఆ మాట నిలుపుకొను భారము మన సభపై నున్నది. ప్రతిపాదన వచ్చినపుడు ఈ సంగతులను మనస్సున నుంచి నిర్ణయింతురని వేడుకొనుచున్నాము.